ఆఖరి అప్పగింత

సుచిత్రను పోయిన వారం మనం ఫంక్షన్ హాలు మెట్ల మీద వదిలేశాం. లోపలికి వెళ్లాలా, స్కూటీ తిప్పుకుని ఇంటికి పోవాలా అని ఎటూ తేల్చుకోలేక నిలబడి ఉండగానే మన పేజీ అయిపోయింది. ఈ వారం రోజుల్లో ఆమె ఏదో ఒకటి తేల్చుకునే ఉంటుందని మీరు అనుకుంటే అది మీ మంచితనం. ఆమె ఇంకా ఆ మెట్ల మీదే ఉంది, వేలికి తగిలించిన తాళం చెవి తిప్పుతూ.

ఇవాళే ఈ కథలోకి అడుగుపెట్టినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. 'కంకర' అనేది సిద్దిపేటలో పుట్టిన రాక్ బ్యాండు. పాడేవాడి గొంతుకు తగ్గ పేరే. పాడేవాడు ఓంప్రకాశ్, మగ్గం మీద బతికిన ఇంటి పిల్లవాడు, ఊరందరికీ ఓమన్న. రెండేళ్ల కింద చంద్లాపూర్ దగ్గర, రంగనాయక సాగర్ కట్ట దిగువన ఒక బీడు పొలంలో ఆఖరి కచేరీ చేసి, తెల్లవారేసరికి హైదరాబాద్ దవాఖానలో చనిపోయాడు. మెదడులో నరం చిట్లిందన్నారు. పాటలన్నీ అయిపోయి వ్యాన్ ఎక్కిన తర్వాత పడిపోయాడని డ్రమ్ములు వాయించే రిజ్వాన్ చెప్పాడు, అందరూ నమ్మారు. ఇప్పుడు మైత్రి అనే హైదరాబాదు అమ్మాయి, అప్పట్లో తీసి ఉంచిన వీడియోలతో బ్యాండు చివరి పంతొమ్మిది రోజుల మీద డాక్యుమెంటరీ తీసింది. ఆదివారం పొద్దున పదకొండింటికి అభిమానులకు, మధ్యాహ్నం మూడింటికి ఓమన్న తల్లి కొండవ్వకూ వాళ్ల చుట్టాలకూ చూపించాలని ఏర్పాటు చేసింది.

ఇక అప్పగింత సంగతి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. కంకర కచేరీలో ఆఖరి పాట ఎప్పుడూ 'తొవ్వ', దారి మీద కట్టిన పాట. ఆ పాటలో చివరి చరణం ఓమన్న పాడడు. స్టేజీ అంచుకు వచ్చి, వంగి, ముందు వరసలో ఎవరో ఒకరి చేతిలో మైకు పెట్టి, తను అక్కడే కూర్చుని వింటాడు. ఆ చరణం జనం పాడాలి. దానికి అభిమానులు పెట్టుకున్న పేరే అప్పగింత. పెళ్లిలో అప్పగింతలప్పటిలాగే సగం మంది ఏడ్చేవాళ్లు, మిగతా సగం వాళ్లను ఎగతాళి చేసి ఆ తర్వాత వాళ్లూ ఏడ్చేవాళ్లు. మైకు ఎవరి చేతికి వస్తే వాళ్లకు ఏడాదంతా మర్యాద. ఆఖరిసారి అది సుచిత్ర చేతికి వచ్చింది. అప్పటి నుంచి ఆమె 'మైకు సుచిత్ర' అయిపోయింది. ప్రైవేటు దవాఖానలో క్యాజువాలిటీ నర్సు అన్న మాట చాలామందికి గుర్తే లేదు.

ఆ మైకును ఓమన్న పోయిన పదో రోజున సుచిత్రే పట్టుకుపోయి కొండవ్వకు ఇచ్చింది. కొడుకు చివరిసారి పట్టుకున్న వస్తువు తెచ్చిన పిల్ల అని ఆమె సుచిత్రను దగ్గరకు తీసుకుంది. తొమ్మిదేళ్లకే తల్లిని పోగొట్టుకుని హాస్టళ్లలో పెరిగిన సుచిత్ర ఆ పూట ఎంత ఏడ్చిందో, ఎందుకు ఏడ్చిందో ఆమెకే తెలుసు. ఇప్పుడు ప్రతి గురువారం డ్యూటీ దిగి బీపీ చూడడానికి వెళ్తుంది. బీపీ చూడడం అయిదు నిమిషాల పని, ఇద్దరూ కూర్చుని తినడం రెండు గంటల పని. సుచిత్రకు ఈ ఊళ్లో ఇల్లు అనేది ఏదైనా ఉంటే అది అదే.

అందుకే మైత్రి పంపిన మెసేజ్ ఆమెను మెట్ల మీద ఆపేసింది. 'సినిమా చూసే ముందు ఒక్కసారి మీతో మాట్లాడాలి' అని ఉంది. సుచిత్ర ఫోన్ చేయలేదు. ఏముంటుందిలే, సినిమాలో తన మొహం బాగా రాలేదని చెప్పడానికి అయి ఉంటుందని తనకు తాను నచ్చజెప్పుకుని, చివరికి లోపలికి నడిచింది.

హాల్లో ముందురోజు జరిగిన పెళ్లి తాలూకు బంతిపూలు ఇంకా వేలాడుతున్నాయి. పెళ్లికొడుకు, పెళ్లికూతురు కూర్చునే చోట తెర కట్టారు. నూటయాభై మంది దాకా ఉంటారు. గుమ్మం దగ్గర జహీరుద్దీన్ నిలబడి వచ్చినవాళ్లందరికీ ఎర్ర తువ్వాలలు పంచుతున్నాడు. అతనికి పాత బస్టాండు వైపు ఫ్లెక్సీలు వేసే దుకాణం ఉంది, అభిమాన సంఘానికి పెద్ద తనే. చివరి రోజుల్లో ఓమన్న నుదుటికి ఎర్ర తువ్వాల బిగించి కట్టుకునేవాడు. అది చూసి సిద్దిపేట పిల్లలంతా అలాగే కట్టడం మొదలుపెట్టారు, కాలేజీల్లో తిట్లు కూడా తిన్నారు. ఇవాళ హాలు హాలంతా ఎర్ర తలలే. సుచిత్ర కూడా కట్టుకుంది. జహీరుద్దీన్ ఆమెను ముందు వరసలో కూర్చోబెట్టాడు, మైకు సుచిత్ర కదా మరి.

సినిమా మొదలైన అరగంట పండగే అనాలి. మోటార్లు రిపేరు చేసే షాపు మీద గదిలో ప్రాక్టీసు, మిర్చి బజ్జీల దగ్గర తగువు, తాళం తప్పినందుకు రిజ్వాన్‌ను ఓమన్న తిట్టిన తిట్లు. ప్రతి తిట్టుకూ ఈలలు. ఎవరూ వినని సగం పాట ఒకటి వచ్చినప్పుడు హాలు గప్‌చుప్ అయిపోయింది. దుబాయ్ నుంచి సెలవు మీద వచ్చిన రాకేశ్ తల వంచుకుని కళ్లు తుడుచుకున్నాడు. ఆఖరి కచేరీని అతను అక్కడి లేబర్ క్యాంపులో ఫోన్‌లో చూశాడట, ఆ మాట కనబడ్డవాళ్లందరికీ చెప్తూనే ఉన్నాడు.

తర్వాత తొమ్మిదో రోజు వచ్చింది. తెర మీద ఓమన్న గోడకు ఆనుకుని, కళ్లు మూసుకుని, తువ్వాల రిజ్వాన్ చేతికిచ్చాడు.

"ఇంకింత గట్టిగ కట్టురా. నెత్తి పలుగుతుంది."

రిజ్వాన్ బిగించాడు. చాలదన్నాడు ఓమన్న. మళ్లీ బిగించాడు. తువ్వాల అంచు దగ్గర చర్మం తెల్లబడింది. డాక్టరుకు చూపించుకుందాం అంటే, చంద్లాపూర్ కచేరీ అయిపోనీ అన్నాడు. పన్నెండో రోజూ అదే, పదిహేనో రోజూ అదే. అది అందం కోసం కట్టింది కాదని హాల్లో ఒక్కొక్కరికీ తెలిసి వచ్చింది. వెనక ఎవరో తువ్వాల విప్పేశారు. ఆ తర్వాత పక్కవాళ్లు. సుచిత్ర ముడి విప్పబోతే రాలేదు, పైకి లాగేసింది. జహీరుద్దీన్ మాత్రం విప్పలేదు, మొహం గంటు పెట్టుకుని కూర్చున్నాడు.

చివరికి పంతొమ్మిదో రోజు. బీడు పొలం, సాయంత్రపు వెలుగు, వేలమంది. సుచిత్ర ఈ వీడియో ఎన్ని వందల సార్లు చూసిందో లెక్కలేదు. 'తొవ్వ' పాట రెండో చరణం మధ్యలోనే ఓమన్న స్టేజీ అంచుకు వచ్చాడు. చివరి చరణం దాకా ఆగకుండా ముందే వచ్చేసరికి జనం ఊగిపోయారు. ఇవాళ మనకు ఒక చరణం ఎక్కువ ఇచ్చిండని రెండేళ్లుగా అభిమానులు గొప్పగా చెప్పుకునే ఘట్టం అదే.

మైత్రి ఇక్కడ ఒక పని చేసింది. సౌండు చూసే అతని దగ్గర ఓమన్న మైకు ఒక్కదాన్నే విడిగా రికార్డు చేసింది ఉంది. జనం గోల, గిటార్లు, డ్రమ్ములు అన్నీ తీసేసి, ఆ ఒక్కదాన్నే వినిపించింది. తెర మీద వేల నోళ్లు తెరుచుకుని ఉన్నాయి, చప్పుడు లేదు. ఓమన్న ఊపిరి మాత్రం వినిపిస్తోంది. తర్వాత అతని మాట, నాలుక మందమై, ముద్దముద్దగా.

"రిజ్జూ... చెయ్యి... చెయ్యి లేస్తలేదురా..."

వెనక డ్రమ్ముల దగ్గర రిజ్వాన్ తల ఊపుతూ వాయిస్తూనే ఉన్నాడు. ఓమన్న కుడిచేయి కిందికి జారింది. వేళ్లు సడలాయి. మైకు జారుతుంటే ముందు వరసలోంచి గాజులు లేని ఒక చెయ్యి ముందుకు వచ్చి దాన్ని పట్టుకుంది. ఆ చేతికున్న పెద్ద అంకెల గడియారం సుచిత్రది. ఇప్పుడూ ఆమె చేతికి అదే ఉంది. మరుక్షణం ఆ విడి రికార్డులో ఆమె గొంతు వినిపించింది, హుషారుగా, కాస్త శ్రుతి తప్పి.

*తొవ్వ ఏసినోల్లం మేమే*
*తొవ్వ తప్పినోల్లం మేమే*

ఓమన్న కూలబడ్డాడు. అతని మూతి ఒక పక్కకు దిగిపోయి ఉంది. కచేరీలో అందరూ దాన్ని నవ్వనుకున్నారు. ఊరూరా పెట్టే క్యాంపుల్లో సుచిత్ర ఆడవాళ్లకు ఏం చెప్తుందో తెలుసా? మూతి వంకర పోతే, చెయ్యి లేవకపోతే, మాట తడబడితే గడియారం చూడండి, ఉరకండి అని చెప్తుంది. ఆ మూడూ ఆమెకు మూరెడు దూరంలో జరిగాయి. ఆమె చేతికి గడియారం ఉంది. ఆమె పాడింది.

కెమెరా జనం మీదికి తిరిగింది. ఆడపిల్లలు ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకుని ఊగుతున్నారు. బాగా వెనక, మక్క కంకులు కాల్చే బండి పక్కన, కొంగు తలమీదికి లాక్కున్న ఒక పెద్ద వయసామె రెండు చేతులూ ఎత్తి పాడుతోంది. మొహానికి పొగ అడ్డం వచ్చింది. ఆ చరణం నాలుగుసార్లు పాడారు, వన్స్ మోర్ అని అరిచి మరీ పాడారు. అంతసేపూ ఓమన్న ఒక పక్కకు ఒరిగి వింటూనే ఉన్నాడు, విన్నాడో లేదో. తర్వాత జనం వ్యాన్‌ను చుట్టుముట్టి దారి ఇవ్వలేదు. మొత్తం మీద నలభై నిమిషాలు పోయాయని తెర మీద ఒక డాక్టరు చెప్పాడు. ఆ నలభై నిమిషాలు చేతిలో ఉంటే బతికేవాడా అని మైత్రి అడిగింది. చెప్పలేం, అవకాశం మాత్రం ఉండేది అన్నాడు. సినిమా అయిపోయింది. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు.

లైట్లు వేశాక మొదట లేచింది జహీరుద్దీన్. ఒంటికాలి మీద లేచాడనే చెప్పాలి. మా ఓమన్నను సింహంలాగ చూసినం, గీమె రోగిని చేసి చూపించింది అని మైత్రి మీద పడ్డాడు. మనిషి పోయినంక ఆయన మూతి వంకరను పెద్ద తెర మీద ఆడించుడు ఏం కళ అని అడిగాడు. రాకేశ్ అడ్డం వచ్చాడు. ఎడారిలో కూర్చుని ఈ పాటలు విని బతికినోణ్ని, నాకు నిజం కావాలె, మీ ఫ్లెక్సీలు కాదు అన్నాడు. సగం మంది అటు, సగం మంది ఇటు. ప్రాక్టీసు గది దృశ్యాల కోసమైనా మళ్లీ మళ్లీ చూస్తామని కొందరు. ఆ ఒక్క ముక్క కోసేసి విడుదల చేయమని కొందరు. ఏమీ అనలేక తువ్వాల మడతపెట్టి కుర్చీ మీద పెట్టి, సడిచప్పుడు లేకుండా వెళ్లిపోయినవాళ్లు కొందరు. ఎవరి వైపు ఉండాలో వాళ్లకే తెలియలేదు, వాళ్లను తప్పుపట్టలేం కూడా.

ఇంతమందిలో ఒక్కరూ సుచిత్ర వైపు చూడలేదు. చూడకుండా ఉండడానికి వాళ్లు పడుతున్న కష్టం ఆమెకు కనిపిస్తూనే ఉంది. రోజూ అభిమానుల గ్రూపులో అక్కా అక్కా అని పిలిచే నిఖత్ మాత్రం వచ్చి పక్కన నిలబడింది. డిగ్రీ చదివే పిల్ల. ఆమె మాటలో కోపం లేదు, తెలుసుకోవాలని అడిగింది, అంతే.

"అక్కా, నువ్వు నర్సువి గదా. నీకు గూడ తెల్వలేదా?"

సుచిత్ర చేతి గడియారాన్ని రెండో చేత్తో కప్పుకుంది. పిల్ల కళ్లు దించుకుని వెళ్లిపోయింది. క్యాజువాలిటీలో ఎంతమంది చచ్చిపోతుంటే చూసిందో, ఎవరి ముందూ ఆమెకు ఇంత సిగ్గు వేయలేదు.

హాలు వెనక, వంటపాత్రలు కడిగే చోట రిజ్వాన్ ఒక్కడే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నల్లా కారుతోంది, దాన్నే చూస్తున్నాడు. సుచిత్ర నేరుగా పోయి ఎదురుగా నిలబడింది. వ్యాన్ ఎక్కాక పడిపోయాడని రెండేళ్లు ఎందుకు అబద్ధం చెప్పావని అడిగింది. అతను దాచలేదు. ఆ రాత్రి దవాఖాన బయట మొబైల్‌లో వీడియో చూసినప్పుడే తనకు తెలిసిపోయిందన్నాడు. డ్రమ్ముల చప్పుడులో తను వినలేదు, పాట చప్పుడులో జనం వినలేదు. అందరూ కలిసి మీద పడి పాడేశారని చెప్తే, పాడినవాళ్లు ఏమైపోతారో అని భయపడ్డానన్నాడు. ముఖ్యంగా నువ్వు, అన్నాడు. ఆ విడి రికార్డు సంగతి మైత్రికి చెప్పింది తనేనన్నాడు.

"మరి ఇప్పుడెందుకు చెప్పినవ్ భాయ్?"

"నాకు నిద్ర పడ్తలేదు చెల్లె. రెండేండ్లు మీ అందరి నిద్ర నేను కాసిన. ఇగ నాతోని కాదు."

కోప్పడాలని వచ్చిన మనిషికి కోపం దొరకలేదు. అతను నల్లా కట్టేశాడు, అది మళ్లీ కారింది. అప్పుడు సుచిత్రకు గుర్తొచ్చింది. టైము ఒంటిగంటన్నర దాటింది. మూడింటికి కొండవ్వ ఇదే హాల్లో, ఇదే తెర ముందు కూర్చుంటుంది. కొడుకు చెయ్యి లేవడం లేదని చెప్తుంటే ఆ మాట మీద పాట పాడిన గొంతు వింటుంది. ఆ గొంతు ఎవరిదో పోల్చడానికి ఆమెకు క్షణం పట్టదు, ప్రతి గురువారం వినే గొంతే.

మైత్రి గుమ్మం దగ్గర ఎదురొచ్చింది. అందుకే ముందే మాట్లాడాలనుకున్నానండీ అంది. పిల్ల మొహం కూడా బాగా పాలిపోయి ఉంది, నిజం తీసినవాళ్లకు నిద్ర పడుతుందని ఏమీ లేదు. తల్లికి చూపించకుండా ఊళ్లో విడుదల చేయనని మాట ఇచ్చానని, అందుకే మూడింటి ఆట ఆపలేనని చెప్పింది. కొండవ్వకు తను చెప్తానని, తను వచ్చేదాకా మొదలుపెట్టవద్దని సుచిత్ర అడిగింది. మైత్రి సరే అంది.

కొండవ్వ ఇల్లు పాత సిద్దిపేటలో చేనేతవాళ్ల గల్లీలో ఉంది. దారి పొడుగునా సుచిత్ర మొదటి మాట కూర్చుకుంటూనే ఉంది. పెద్దమ్మా, నీకొకటి చెప్పాలె. కాదు. పెద్దమ్మా, నన్ను తిట్టు, కొట్టు. అదీ కాదు. ఈ మాట చెప్పిన తర్వాత ఆ ఇంట్లో తనకు ఇంకో గురువారం ఉండకపోవచ్చని ఆమెకు తెలుసు. ఆ కంచం, ఆ పీట, బీపీ పట్టీ కట్టుతుంటే మెల్లగ కట్టు బిడ్డా అనే ఆ మాట, అన్నీ పోతాయి. అయినా బండి ఆపలేదు.

కొండవ్వ అప్పటికే తయారై వాకిట్లో కూర్చుని ఉంది. భర్త నేసిన గొల్లభామ చీర కట్టుకుంది. ఆ చీర కట్టగా సుచిత్ర ఈ రెండేళ్లలో ఎప్పుడూ చూడలేదు. తలకు నూనె రాసి నున్నగా దువ్వుకుంది. ఒళ్లో తెల్లబట్టలో చుట్టిన మైకు ఉంది. ఇంత తొందరగా ఎందుకు తయారయ్యావని అడిగితే చిన్నపిల్లలాగా నవ్వింది. తిన్నవా అని అడిగి, తినలేదని మొహం చూసి తెలుసుకుని, లోపలికి లాక్కుపోయి కంచం ముందు కూర్చోబెట్టింది.

సుచిత్ర ముద్ద కలిపింది. కలిపి, అలాగే ఉండిపోయింది. పెద్దమ్మా, ఆ సినిమాల, అని మొదలుపెట్టింది. కొండవ్వ చెయ్యి ఎత్తి ఆపింది.

"ఆగు బిడ్డా. నువ్వేం చెప్పకు. నేనే నీకొకటి చెప్పాలె. ఇన్ని దినాలు దాచిన."

తల్లీకొడుకులకు మాటలు లేవన్న సంగతి ఊరంతా ఎరిగిందే. తండ్రి చనిపోయిన రోజు ఓమన్న ఎక్కడో దూరాన స్టేజీ మీద ఉన్నాడు, చితి ఆరాక వచ్చాడు. నీ పాట నా చెవిన పడొద్దని ఆ రోజు కొండవ్వ ఒట్టు పెట్టింది. నాలుగేళ్లు ఆ ఒట్టు మీదే ఉంది. ఒకే ఇంట్లో ఉన్నా కంచం పెట్టి పక్కకు పోయేది. కొడుకు చనిపోయేదాకా అతని పాట ఒక్కటి వినని తల్లి అని జనం ఆమె గురించి జాలిగా చెప్పుకుంటారు. సుచిత్ర కూడా అదే అనుకుంది.

"నేను గూడ ఆ దినం చంద్లాపూర్ వచ్చిన."

సుచిత్ర చేతిలోని ముద్ద కంచంలో పడింది.

వర్గల్ గుడికి పోతున్నానని పక్కింటి లక్ష్మమ్మకు చెప్పి, షేర్ ఆటో ఎక్కి చంద్లాపూర్‌లో దిగిందట కొండవ్వ. ఎవరైనా గుర్తుపడతారని కొంగు కప్పుకుని అందరికంటే వెనక, కంకులు కాల్చే బండి పక్కన నిలబడిందట. పొగకు కళ్లు మండుతున్నా కదల్లేదట. కొడుకు స్టేజీ అంచుకు వచ్చి కూర్చుంటే, ఏమైందని పక్కన ఉన్న పిల్లను అడిగిందట. అప్పగింత అవ్వా, ఇప్పుడు మనం పాడాలె అని ఆ పిల్ల చెప్పిందట. పాట ఆమెకు రాదు. రెండుసార్లు విని మూడోసారికి అందుకుంది.

"నాలుగు మాట్ల పాడిన్రు గద. ఆఖరి రెండు మాట్లు నేను గూడ పాడిన బిడ్డా. నోరు పెద్దగ జేసి పాడిన. వాడు కూసుండి ఇన్నడు. తల ఇట్ల ఒక దిక్కు ఒంచి, నా దిక్కే చూసుకుంట ఇన్నడు. నా గొంతు వానికి ఇనవడ్డది. గది నాకు ఎరుకైంది." కొండవ్వ మైకు మీది బట్టను సర్దింది. "నాలుగేండ్ల పగ గా ఒక్క పాటతోని పోయింది. రెండేండ్ల సంది గా పాట మీదనే బతుకుతున్న."

బయట ఎవరిదో బండి పోయింది. కొండవ్వ లేచి నీళ్లు తెచ్చి కంచం పక్కన పెట్టింది. ఇంకా చెప్పాలనుకున్నది చెప్పడానికి సిగ్గుపడుతున్నట్టు అటు తిరిగి అంది.

"గా సినిమాల నేను గూడ అవుపడుతనేమో చూడాలె. అవుపడుతనా?"

సుచిత్ర కళ్ల ముందు పొగ, ఎత్తిన రెండు చేతులు కదిలాయి. పెద్ద తెర మీద ఉన్నాయి, బాగానే కనబడ్డాయి. అవుపడుతవ్ పెద్దమ్మా అంది. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అనిపించింది.

ఇప్పుడు చెప్పాల్సింది సుచిత్ర తప్పు ఒక్కటే కాదు. తను పాడానని చెప్తే, కొండవ్వ కూడా పాడిందని చెప్పినట్టే. కొడుకు నా దిక్కు చూశాడని రెండేళ్లుగా ఆమె దాచుకున్నది కూడా లాక్కోవాల్సిందే. స్కూటీ పంక్చర్ అయిందని చెప్పవచ్చు. ఒంట్లో బాగాలేదని పడుకోవచ్చు. ఊళ్లో కరెంటు పోవాలని ఆమె మనసులో మొక్కుకుంది కూడా. పైన ఫ్యాను ఆగకుండా తిరుగుతూనే ఉంది.

రెండున్నరకు బయల్దేరారు. కొండవ్వ వెనక ఒక పక్కకు కూర్చుని, ఒక చెయ్యి సుచిత్ర భుజం మీద వేసి, రెండో చేతిలో మైకు పట్టుకుంది. చీర చక్రంలో పడకుండా కుచ్చిళ్లు దోపుకుంది. గల్లీలో వాళ్లు ఎక్కడికి కొండవ్వా అంటే, నా కొడుకు సినిమా చూడవోతున్న అని అందరికీ వినబడేలా చెప్పింది. ఆ గొంతులో గర్వం విని సుచిత్రకు ఏడుపు ముంచుకొచ్చింది. అద్దంలో మొహం కనబడకుండా పక్కకు తిప్పుకుంది.

కోమటి చెరువు కట్ట దగ్గరికి వచ్చేసరికి కొండవ్వ సన్నగా పాట తీసింది. తొవ్వ ఏసినోల్లం మేమే. గాలికి సగం మాటలు పోతున్నాయి. చెయ్యితో భుజం తట్టి, నువ్వు గూడ అందుకో బిడ్డా, నాకు రెండోది సరిగ రాదు అంది.

ఇంకో పది నిమిషాల్లో హాలు. రిజ్వాన్ తమ మీద జాలిపడి ఒక అబద్ధం చెప్పాడు, దాని మీద తను రెండేళ్లు మైకు సుచిత్రగా తిరిగింది. ఆ జాలి ఎంత గట్టిగా తగిలిందో పొద్దునే చూసింది. ఈమెను ఇప్పుడు నవ్వుతూ తీసుకుపోయి, ముందు వరసలో కూర్చోబెట్టి, చుట్టాలందరి మధ్య తెర మీద ఆమె చేతులు ఆమెకే చూపిస్తే, అంతకంటే పాపం ఉందా? చెప్తే ఈమె తనకు దక్కదు. చెప్పకపోతే దక్కించుకునే యోగ్యత తనకు లేదు.

సుచిత్ర కట్ట పక్కన బండి ఆపి, తాళం చెవి తిప్పింది. ఇంజను ఆగింది. పాట కూడా ఆగింది.

"ఏమైంది బిడ్డా?"

సుచిత్ర వెనక్కి తిరగలేదు. తిరిగితే చెప్పలేనని ఆమెకు తెలుసు. ఎదురుగా చెరువు నీళ్లను చూస్తూ చెప్పింది.

"పెద్దమ్మా, ఆ దినం ఓమన్న నాకు మైకు ఇయ్యలేదు. ఆయన చేతిల నుంచి జారింది. నేను పట్టుకున్న."

వెనక, మైకు చుట్టిన బట్టను ఒంటిచేత్తో విప్పుతున్న సవ్వడి వినిపించింది. భుజం మీది చెయ్యి ఇంకా అక్కడే ఉంది. ఆ వేళ్లు మెల్లగా బిగుసుకుంటున్నాయి.